మిద్దె మీద జిలేబి చేపలు

మిద్దె మీద చేపలు పెంచుతానని చెప్పినప్పుడు మా అమ్మ అడ్డు చెప్పలేదు. చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది.

“పెంచుకో నాయనా, నేనేమన్నా వద్దంటినా? కానీ మన ఇంట్లో జీవం సచ్చేది నేను సూడలేను. ఒక చేప సస్తే ఒక పూట నాకు కూడు వద్దు. ఆ మాట మాత్రం మనసులో పెట్టుకో.”

సరేలెమ్మని నవ్వేశాను. అమ్మకు షుగరు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. మాత్ర వేసుకున్నాక వేళకు ఏదో ఒకటి కడుపులో పడకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, కూర్చున్న చోటే ఒరిగిపోయే మనిషి. ఒక చేపకు ఒక పూట. బుద్ధి తెలిసినప్పటి నుంచీ లెక్కలు చేస్తున్న నాకు ఆ లెక్క ఎంత దూరం పోతుందో ఆ వేళ తోచలేదు.

తిరుపతిలో ఒక టింబరు డిపోలో దుంగల కొలతలు తీయడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. దుంగ పొడవూ చుట్టుకొలతా చెబితే ఎన్ని ఘనపుటడుగులో కాగితం లేకుండానే చెప్పేవాడిని. వీధిలో ఎవరు గది వేసుకున్నా ఇటుకలెన్ని పడతాయి, సిమెంటు మూటలెన్ని కావాలి అని నా దగ్గరికే వచ్చేవాళ్ళు. అలాంటి నా కంట ఒక వ్యవసాయ మాసపత్రికలో రెండు పేజీల వ్యాసం పడింది. కింద తొట్టిలో చేపలు, పైన కంకర నింపిన తొట్లలో మొక్కలు. చిన్న మోటారు ఒకటి చేపల నీళ్ళను పైకి తోడుతుంది. ఆ నీళ్ళలోని చేపల మలినాన్ని కంకర రాళ్ళను పట్టుకుని బతికే సూక్ష్మజీవులు మొక్కలకు ఎరువుగా మారుస్తాయి. మొక్కలు ఆ ఎరువు తీసుకున్నాక శుభ్రమైన నీళ్ళు మళ్ళీ చేపల తొట్టిలోకి దిగుతాయి. మట్టి అక్కర్లేదు. దాన్ని ఆక్వాపోనిక్స్ అంటారని రాశారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. అలిపిరి వైపు మా వీధుల్లో కొళాయి రోజు మార్చి రోజు వచ్చేది, అదీ రెండు గంటలు. పోసిన నీళ్ళే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయన్న మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

మా ఇంట్లో నీసు వండరు. అమ్మ కొండకు మొక్కుకుని నీసు మానేసినప్పుడు నేనూ మా ఆవిడా కూడా మానేశాం. కాబట్టి ఈ చేపలు తినడానికి కాదు, టమేటాల కోసం. ఆ సంగతి విని డిపోలో అందరూ పడీ పడీ నవ్వారు. “కోళ్ళు పెంచి గుడ్లు పారేస్తాడంట ఈయప్ప” అన్నాడు రంపం మిషను దగ్గరుండే ఆయన.

నేను మాత్రం కొలతలన్నీ చూసుకునే దిగాను. ఐదు వందల లీటర్ల నల్ల ప్లాస్టిక్ తొట్టి. నిలువునా కోసిన డ్రమ్ములు మూడు, వాటి నిండా కంకర. కంకరలో సున్నపురాయి ఉంటే నీళ్ళు చెడతాయని చదివి, గుప్పెడు రాళ్ళ మీద నిమ్మకాయ పిండి చూశాను. పొంగిన రాళ్ళను ఏరి పారేశాను. కొళాయి నీళ్ళలో బ్లీచింగు ఉంటుంది, అది చేపల మొప్పలను కాలుస్తుంది. అందుకని నీళ్ళను వేరే డ్రమ్ములో పట్టి, మూత తీసి, ఒక రోజంతా ఎండకు వదిలి, వాసన పోయాకే తొట్టిలో పోశాను. ఎండ నేరుగా పడకుండా పైన పచ్చ నెట్టు కట్టాను.

చేపలను వడమాలపేట దగ్గర చెరువులో వల వేసే వాళ్ళ దగ్గర తెచ్చాను. మూత బిగించిన ప్లాస్టిక్ బిందెలో నలభై పిల్లలు, ఒక్కొక్కటి వేలెడు పొడవు. బస్సులో బిందె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన దాహమేసి మంచినీళ్ళు అడిగాడు. అవి తిలాపియా పిల్లలు, మా వైపు ఆ చేపను జిలేబి అంటారు. పేరు వినగానే అమ్మ మూతి తిప్పింది.

“షుగరుండే దాని ఇంట్లోకి జిలేబీలు తెచ్చినావా? బాగుండాది రా నీ తెలివి!”

చేపలన్నీ కలిపి కిలో తూగాయి. రోజుకు వంద గ్రాముల చేపకు రెండు గ్రాముల మేత. అంటే ఇరవై గ్రాములు. కంసాలి తక్కెడలో తూచి చూస్తే సరిగ్గా ఒక గరిటె. ఆ గరిటెను తొట్టి పక్కన మేకుకు తగిలించి, ఉదయం నేనే వేసేవాణ్ణి. వేసిన మేత ఐదు నిమిషాల్లో అయిపోవాలి. మిగిలితే కుళ్ళుతుంది, కుళ్ళితే నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది, అది చేపకు విషం. ఈ సంగతంతా అమ్మకు విడమరచి చెప్పాను. “నేను తప్ప ఎవరూ వేయకూడదు. నువ్వు కూడా” అన్నాను.

“నేనేల వేస్తాను? నీ గరిటె నీదే” అంది.

మొదట్లో అన్నీ బాగానే సాగాయి. టమేటా మొక్కలు మోకాలెత్తు లేచాయి. చేపలు నా నీడ పడగానే పైకి వచ్చేవి. మా ఆవిడ కుట్టుమిషను సెంటరుకు పోయేముందు మిద్దెక్కి, పుదీన తుంచుకుని, “మీ సేపలకంటే మీరే లావైతా ఉండారు సంతోషంతో” అని పోయేది.

తరువాత ఒక ఆదివారం ఉదయం మిద్దెక్కితే చేపలన్నీ నీళ్ళ పైభాగంలో గుమిగూడి, నోళ్ళు బయటపెట్టి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. నా నీడ పడినా కదల్లేదు. మోటారు పని చేస్తూనే ఉంది. మూలన ఒకటి వెల్లకిలా తేలుతోంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మొప్పల దగ్గర ఎర్రగా, రక్తం గడ్డకట్టినట్టు ఉంది. ఎక్కడ తప్పింది? నీళ్ళు కొలిచాను, మేత తూచాను, రాళ్ళు పరీక్షించాను. దాన్ని గుడ్డలో చుట్టి అమ్మ చూడకుండా కిందికి దింపేద్దామని తిరిగేసరికి, అమ్మ మిరపకాయల చేట పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది.

కిందికి పోయి తలకు పోసుకుంది. ఆ పొద్దు సంగటి ముట్టలేదు. మాత్ర మాత్రం అప్పటికే వేసేసుకుంది. పదకొండు గంటలకు చేతులు వణుకుతుంటే మా ఆవిడ బలవంతంగా మజ్జిగ తాగించింది.

మరుసటి ఆదివారం రెండు. ఆ పైవారం మూడు, అందులో ఒకటి సోమవారం పోయింది.

మూడు చేపలు, మూడు పూటలు. నేను బతిమాలాను. మా ఆవిడ కోప్పడింది. అమ్మ పలికిన మాట పలికినట్టే. “నా ఇంట్లో సచ్చినాయి గదరా. నేను గమ్మునుండి తినేదానికి నాకు గొంతు దిగద్దూ?” సోమవారం మధ్యాహ్నం మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి కూలబడింది. డిపోకు ఫోను వస్తే సైకిలు తొక్కుకుంటూ వచ్చాను. నుదురు పగిలి రక్తం చెంప మీదికి కారింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. నోట్లో చక్కెర నీళ్ళు పోస్తే కాసేపటికి కళ్ళు తెరిచి నా వైపు చూసి, “మిగతావి బాగుండాయా?” అంది.

డాక్టరు నన్ను బయటికి పిలిచి తిట్టాడు. పెద్దామె పస్తులుంటే ఇంట్లో మగవాడివి ఏం చేస్తున్నావన్నాడు. చేపల సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పేసింది. “ఆ సేపల్ని ఎవురికన్నా ఇచ్చేయండబ్బా. మీ టమేటాల కోసం అత్తను పోగొట్టుకుంటామా?”

“ఎవురికిస్తావు?” అమ్మ మంచం మీద నుంచే అడిగింది. “తీసుకుండేటోడు పులుసు పెట్టుకోకుండా పూజ చేస్తాడా? చెరువులో వదిల్తే మాత్రం? వలేసేటోళ్ళు కాసుకోనుండారు. తెచ్చినాక మనవే అవి.”

ఇవ్వడానికి లేదు, వదలడానికి లేదు, చావనివ్వడానికి లేదు. ముప్పై నాలుగు చేపలు మిగిలాయి. అవి ముప్పై నాలుగు చేపలు కావు, అమ్మ తినకుండా పోయే ముప్పై నాలుగు పూటలు.

కారణం కోసం ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. కొళాయి నీళ్ళా? అవి రోజు మార్చి రోజు వస్తాయి, చావులు ఆదివారం సోమవారం మాత్రమే. కరెంటు కోతా? అది మధ్యాహ్నం పూట, అన్ని రోజులూ ఒకటే. ఎండా? ఎండకు వారాలు తెలియవు. బజారులో రంగుచేపలు అమ్మే అంగడాయన దగ్గర ఒక మందు సీసా కొన్నాను. నీళ్ళలో చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తే మంచిది, ఆకుపచ్చగా మారితే అమ్మోనియా ఉన్నట్టు. శుక్రవారం వేస్తే పసుపే. ఆదివారం వేస్తే ముదురు పచ్చ, రావి ఆకు రంగు.

అంగడాయనకు చెప్పాను. “జాస్తి మేత ఏస్తా ఉండారు సార్” అన్నాడు చూడకుండానే.

నాకు మండింది. “రోజుకు ఇరవై గ్రాములయ్యా! తక్కెడలో తూచి వేస్తాను.”

“అట్లయితే సేపలు అబద్ధం సెప్తా ఉండాయిలే” అని ఇంకో మందు సీసా బల్ల మీద పెట్టాడు.

ఇంకొకటి కూడా గమనించాను. ఆదివారాల్లో నీళ్ళ మీద సన్నని జిడ్డు తెట్టు. ఎండ పడితే ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసేది. దొరికింది దొంగ అనుకున్నాను. మోటారులో ఉండే నూనె కారి నీళ్ళలో కలుస్తోంది! ఆ మోటారు తీసేసి కొత్తది పెట్టాను. తరువాతి ఆదివారం తెట్టు అలాగే ఉంది. ఇంకో రెండు చేపలు పోయాయి.

అమ్మను నిలదీసి అడిగాను కూడా. “నిజం చెప్పమ్మా. నువ్వేమన్నా వేస్తున్నావా?”

“నా మీద ఒట్టు రా. ఒక్క గింజ కూడా నా చేత్తో వెయ్యలేదు.”

అమ్మ ఒట్టు వేస్తే ఇంక అడగడానికి ఏమీ ఉండదు. ఆ రెండు చేపలకు రెండు పూటలు ఎట్లా గడిపిందో నేను చెప్పను. మా ఆవిడ సెలవు పెట్టి పక్కనే కూర్చుంది, చేతిలో చక్కెర డబ్బా పట్టుకుని.

శనివారం నేను ఎప్పుడూ ఇంట్లో ఉండను. డిపోకు దుంగల లారీలు ఎక్కువగా వచ్చే రోజు అది. ఆ వారం లారీల వాళ్ళు సమ్మెలో దిగడంతో డిపో తెరవలేదు. మా ఆవిడ సెంటరుకు పోయింది. నేను కంకర తొట్టికి ఒక పైపు ముక్క కావాలని బజారుకు పోయి, పదిన్నరకు వెనక్కి వచ్చాను.

వీధి మలుపు తిరగ్గానే మా ఇంటి మెట్ల కింద చెప్పులు కనబడ్డాయి. ఒక జత కాదు, రెండు కాదు. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక ఇంటి ముందు అన్ని చెప్పులు ఒక్కసారిగా ఎప్పుడు పడతాయో అందరికీ తెలుసు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. చేతిలో పైపు ఎక్కడ పడిందో తెలియదు. గోడ పట్టుకుని మెట్లెక్కాను.

పైన అమ్మ బతికే ఉంది. చేపల తొట్టి పక్కన ముక్కాలి పీట వేసుకుని, నుదుటి మీద ప్లాస్టరుతో, పెళ్ళిలో వడ్డన చూసుకునే పెద్దావిడలా కూర్చుని ఉంది. ఆమె ఎదుట మా వీధి వాళ్ళంతా వరసలో నిలబడి ఉన్నారు. చేతుల్లో పళ్ళేలు, పొట్లాలు, స్టీలు గిన్నెలు.

“ఒక్క పిడికెడే మేయ్!” అమ్మ ఒకామెను అదిలిస్తోంది. “ఒక్క పిడికెడు. మా వాడు జాస్తి వెయ్యొద్దని సెప్పినాడు. వాడి మాట అంటే మాటే.”

ఆమె బొరుగులు ఒక పిడికెడు తొట్టిలో చల్లి, కళ్ళకు అద్దుకుని పక్కకు జరిగింది. వెనకున్నది ఎదురింటాయన, బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దమనిషి. పేపరు పొట్లం విప్పాడు. అందులో ఎండిపోయిన లడ్డు. రెండు చేతులతో నలిపి, పొడి చేసి తొట్టిలో వదిలాడు.

“రా అబ్బా రా” అన్నాడు నన్ను చూసి. “మా సడ్డకుడు పోయిన వారం కొండకొచ్చి నాలుగు లడ్లు పెట్టి పోయినాడు. ఇంట్లో తినేటోళ్ళెవరు? చెత్తలో వేస్తే కాళ్ళ కింద పడతాది, మహా పాపం. మీ సేపలుండబట్టి మా వీధికే పుణ్యం వస్తా ఉండాది.”

నేను తొట్టిలోకి చూశాను. లడ్డు పొడి నీళ్ళు తాగి నెమ్మదిగా కిందికి దిగుతోంది. దానిలోని నెయ్యి విడిపోయి పైకి వచ్చి, సన్నగా, గుండ్రంగా, మెరుస్తూ పరుచుకుంటోంది. ఇంద్రధనుస్సు రంగుల్లో. నేను మోటారు మార్చింది దీని కోసం.

తిరుపతిలో ఉండే ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు, కొండకు పోతారు, దిగాక లడ్లు పెట్టి పోతారు. కొన్ని మిగులుతాయి, ఎండుతాయి. పారేయలేరు. ఆ ప్రసాదమంతా వీధి నలుమూలల నుంచి, స్వామి వారమని శనివారం పూట, మా తొట్టి దగ్గరికి నడిచి వస్తోంది. మనుషులను లెక్కపెట్టాను. పదకొండు మంది. ఒక్కొక్కరికి ఒక్క పిడికెడు. అది ముప్పావు కిలోకు తక్కువ ఉండదు. రోజుకు ఇరవై గ్రాములు తినే చేపలకు నెల రోజుల మేత కంటే ఎక్కువ, ఒక్క పూటలో. అందులో నెయ్యి, చక్కెర, జీడిపప్పు.

“సూసినావా రా” అంది అమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది. “ఎంత సంబరంగా తింటా ఉండాయో! నేను మాత్రం ఒక్క గింజ వెయ్యలా. నీ మాట దాటలా. జాస్తి వేసేటోళ్ళను గూడా నేనే అదుపు చేస్తా ఉండా.”

ఒక చేప సస్తే ఒక పూట కూడు మానే మనిషి. తన చేతుల మీదుగానే వాటికి ఈ చావు వడ్డిస్తోందని తెలిస్తే ఆమె ఏమవుతుంది? పీట మీద కూర్చున్న అమ్మను చూస్తుంటే నాకు అప్పుడే మెట్ల మీది నుంచి పడిపోతున్నట్టు కనిపించింది. “ఇంక చాలు, నీళ్ళు మార్చాలి” అని మాత్రం అనగలిగాను.

అందరూ దిగి పోయాక పైన తేలిన నెయ్యి గుడ్డతో తీసేశాను, అడుగున దిగిందంతా గొట్టంతో లాగేశాను, సగం నీళ్ళు తీసి డ్రమ్ములో నిలువ ఉంచిన నీళ్ళు పోశాను. కంకరను మాత్రం కడగలేదు. కడిగితే దానిలో ఉండే మేలు చేసే జీవాలు కూడా పోతాయి. మా ఆవిడ వచ్చాక చెప్పాను. ఆమె కూడా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“అత్తకు సెప్పొద్దండి. సెప్తే ఆమె ఇంగ అన్నం ముట్టదు. ఆ ఎదురింటాయనకు సెప్పి వాళ్ళను మెల్లిగా ఆపేయండి.”

అదే చేశాను. సాయంత్రం ఎదురింటాయన దగ్గరికి పోయి, లడ్డు వల్ల నీళ్ళు పాడవుతున్నాయని, అమ్మకు మాత్రం తెలియకూడదని చెప్పాను. తెల్లబోయాడు. “అయ్యో అబ్బా, నేనెవురికి సెప్తాను!” అన్నాడు.

ఆదివారం ఉదయం నేను తొట్టి దగ్గరే ఉన్నాను. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తున్నాయి గానీ ఒక్కటీ చావలేదు. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడు ఎదురు మిద్దె మీద పళ్ళు తోముకుంటూ ఆయన కనబడ్డాడు. నోట్లో పేస్టు నురగతోనే కేక వేశాడు.

“అక్కా! ఎన్ని పోయినాయి? మా లడ్డే వాటిని సంపుతా ఉండాదంట గదా, మీ వాడు సెప్పినాడు! నాకు నిద్దరే పట్టలా!”

అమ్మ ఆయన వైపు చూసింది. తరువాత నా వైపు.

“ఏం సెప్పినావు రా ఆయనకి?”

ఇంక దాచడానికి లేదు. చెప్పాను. ఎంత వేస్తే ఎంత తింటాయి, మిగిలింది ఎట్లా కుళ్ళుతుంది, ఆ విషం మొప్పలను ఎట్లా కాలుస్తుంది, చావులు ఆదివారమే ఎందుకు. చెబుతున్నంతసేపూ ఆమె చేతులనే చూస్తున్నాను, వణుకుతాయేమోనని. ఆమె తొట్టి అంచు పట్టుకుని మెల్లిగా పీట మీద కూర్చుంది.

“అంటే... నేను ఈడ కూసోని, పిలిచి పిలిచి...”

“నీకు తెలియదమ్మా.”

“స్వామి ప్రసాదం రా అది. అది విషమైతాదా?”

“విషం కాదమ్మా. జాస్తి అయింది. వాటికి పెట్టేకొద్దీ తింటాయి, చాలనేది వాటికి తెలియదు. మిగిలింది కుళ్ళుతుంది.”

అమ్మ నీళ్ళలోకి చూసింది. ఉన్నట్టుండి నుదుటి మీద కొట్టుకోబోయి, ప్లాస్టరు తగిలి చెయ్యి దించేసింది.

“నాకు డాక్టరు సెప్పింది గూడా ఇదే గదరా! లడ్డు ముట్టొద్దు అని. నాకు పనికిరాదని ఇంట్లో మిగిలిపోయిన లడ్డే మొట్టమొదట వీటికి వేయించింది, ఈ ఎదురింటాయన చేత. నాకు వద్దన్నది తెచ్చి వీటికి...” ఆమె తొట్టిలోకి చెయ్యి చూపించింది. “నాకన్నా తెలియాల్సింది రా. వీధిలో ఇంగెవురికి తెలియకపోయినా నాకు తెలియాల.”

నేను ఎదురుచూసింది జరగబోతోందని భయమేసింది. ఆమె పోయిన చేపలను మళ్ళీ లెక్క పెట్టుకుని, వాటన్నిటికీ పూటలు కడుతుంది. చేతులు పట్టుకున్నాను. “అమ్మా, వద్దు. ఇప్పటికే వాటి లెక్క నువ్వు తీర్చేశావు.”

“ఇంగ వీటిని బతికించేదెట్టా? అది సెప్పు ముందు.”

“నీళ్ళు మారుస్తూ ఉండాలి. రెండు మూడు రోజులు మేత వేయకూడదు. ఆ తరువాత కూడా వారానికి ఒక రోజు వేయకపోతే మంచిది. తొట్టి తేరుకుంటుంది.”

“పస్తా?” అమ్మ అదిరిపడి చూసింది. “నా ఇంట్లో జీవాలను పస్తు పెడతావా? ఆకలికి సచ్చిపోవూ?”

“చావవమ్మా. చేపలు వారం రోజులు కూడా ఉండగలవు. ఇప్పుడు పస్తే వాటికి మందు.”

ఆమె తొట్టి వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. నేను ఏదో మోసం చేస్తున్నానన్నట్టు చూసింది. అటుపైన అన్న మాట మాత్రం నేను ఏ లెక్కలోనూ ఊహించనిది.

“సరే. నాకు శనివారం ఒక్కపొద్దు ఉండేది గదా, షుగరొచ్చినాక డాక్టరు మాన్పించినాడు. అప్పటి నుంచి అది నా మనసులో ముల్లు మాదిరి గుచ్చుకుంటా ఉండాది. ఆ ఒక్కపొద్దు ఇంగ ఇవి ఉంటాయిలే. నా బదులు. నేను తింటా.”

“తింటావా?” నమ్మలేక అడిగాను.

“వాటికి ఒక్కపొద్దు పెట్టి, నేనూ తినకపోతే, మందు ఎవురు వేసుకుండేది? పిచ్చోడా! పోయి సంగటి పెట్టమను కోడలిని.”

మా ఆవిడ ఆ మాట విని గరిటె పట్టుకునే మెట్ల దాకా వచ్చి, పైకి చూస్తూ నిలబడిపోయింది.

ఆ తరువాత శనివారం నేను కావాలని సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పదిగంటలకు మెట్ల కింద చెప్పుల చప్పుడు. మొదట ఎక్కింది వీధి చివర ఇంటావిడ, గిన్నె నిండా లడ్డు పొడి. అమ్మ పీట మీద నుంచి లేవకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈపొద్దు వాటికి ఒక్కపొద్దు.”

“సేపలకా?”

“ఏం, వాటికి ఉండకూడదా? కొండ కింద బతుకుతా ఉండాయి, శనివారం పాటించకుండా ఉంటాయా? ఆ పొడి మీ గోడ కింద చీమలకు వేయి పో. స్వామి వాటి నోట్లో గూడా ఉండాడు.”

ఆమె ఆ మాటే వెనకున్న వాళ్ళకు చెబుతూ దిగింది. ఎదురింటాయన పైకి రాలేదు. తన మిద్దె మీద నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

మా ఆవిడ పళ్ళెంలో సంగటి ముద్ద, గోంగూర పచ్చడి పెట్టి పైకి తెచ్చి ఇచ్చింది. అమ్మ మాత్ర వేసుకుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చెయ్యి కదలగానే చేపలన్నీ తొట్టి అంచుకు వచ్చి, నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. ముద్ద తుంచబోయి ఆగిపోయింది.

“అట్ల సూస్తా ఉంటే నాకు గొంతు దిగదు” అని గొణిగి, పీటను వెనక్కి తిప్పి, చేపలకు వీపు పెట్టి, గబగబా తినడం మొదలుపెట్టింది.